మండువా ఇల్లు విప్పేస్తున్నారు. పందిరి మంచం, ఉయ్యాల బల్ల 3వ అంతస్తు ఫ్లాటుకి పట్టుకెళ్ళొచ్చా?

అంబాజీపేట అమ్మాయి

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అంబాజీపేట దగ్గర మా తాతగారి మండువా ఇల్లు సంక్రాంతి దాటాక విప్పేస్తున్నారు. నాన్న, ఇద్దరు బాబాయిలు ఒప్పేసుకున్నారు, ఇక నేను ఏడ్చి ప్రయోజనం లేదు. పెంకులు సగం కోతులు పీకేశాయి. మండువాలో వాన నీళ్ళు పోయే తూము పూడిపోయి రెండేళ్ళుగా వసారా అంతా నీళ్ళే. పాత కలప కొనే ఆయన వచ్చి స్తంభాలు, దూలాలు, తలుపులు, లోపలి సామాను అంతా కలిపి గుత్తగా 1 లక్షా 80 వేలు అన్నాడు. బాబాయి 2 లక్షలు అడిగాడు. బేరం అక్కడ ఆగింది. "నీకేం కావాలో ఈ నెల్లోపు చెప్పవే, తీసి పక్కన పెడతాం" అన్నారు.

మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో. 1,180 చదరపు అడుగుల ఫ్లాటు, 3వ అంతస్తు, గృహప్రవేశం అయ్యి 4 నెలలైంది. ఇంట్లో ఇప్పటికి ఉన్నవి ఒక పరుపు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇనప బీరువా. మా ఆయన మాడ్యులర్ వాళ్ళ దగ్గర కొటేషన్ తెచ్చారు, 6 లక్షల 40 వేలు. ఇదంతా ఏం కర్ర బాబూ అని అడిగితే ఆ అబ్బాయి "ఇంజనీర్డ్ వుడ్ మేడమ్" అన్నాడు. ఏ చెట్టుదో చెప్పమంటే నవ్వాడు.

నా కళ్ళు పడ్డవి ఇవీ. పందిరి మంచం: స్తంభాలు ఒక్కోటి 7 అడుగుల పైనే, తలవైపు చిన్న చిన్న అద్దాలు, రెండు చిలకలు. ఒక చిలక ముక్కు నేనే విరగ్గొట్టానట. ఉయ్యాల బల్ల: 6 అడుగుల ఏకచెక్క, ఇత్తడి గొలుసులు. ఒక గొలుసు పక్కన అరచేతి మేర చెక్క నున్నగా అరిగిపోయి ఉంటుంది. నానమ్మ వక్కలు కత్తిరిస్తూ, మధ్యమధ్యలో కాలితో తోసుకుంటూ చెయ్యి ఆనించేది అక్కడే. తర్వాత భోషాణం. నలుగురు పట్టినా కదలదు, ఒక మూల చిన్న చిన్న బెజ్జాలు, కింద మైదా లాంటి పొడి. సింహద్వారం తలుపులు కూడా. వాటితో డైనింగ్ టేబుల్ చేయించుకున్నవాళ్ళ ఫోటోలు చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

ఇక పడక కుర్చీ. పేము అల్లిక నడుం దగ్గర చిరిగింది గానీ కర్ర గట్టిగానే ఉంది. తాతయ్య పోయింది అందులోనే. మధ్యాహ్నం పేపరు ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నవారు మళ్ళీ లేవలేదు. ఈ సంగతి మా అత్తయ్యగారికి చెప్పి తప్పు చేశాను. "పోయినాయన కుర్చీ కొత్తింట్లోకి తెస్తావా" అని అప్పట్నుంచీ ముభావంగా ఉంటున్నారు.

లిఫ్టులో ఎక్కుతాయా, స్లాబుకి ఉయ్యాల కొక్కేలు కొట్టించొచ్చా, ఆ పొడి సంగతేంటి, ఇదంతా నిజంగా బర్మా టేకేనా? మా ఇంట్లో అందరూ బర్మా టేకు అనే అంటారు. ఇలాంటివి తెచ్చుకుని వాడుతున్నవాళ్ళు ఉంటే చెప్పండి, ప్లీజ్. టెన్షన్‌గా ఉంది.

---

చిత్రిక

అమ్మా, మా నాన్న వడ్రంగి. నేను కరెంటాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను గానీ పదో తరగతి దాకా సెలవులన్నీ ఆయన పక్కన పొట్టు ఊడుస్తూనే గడిచాయి. ఇప్పుడు కాకినాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత కుర్చీలు, బల్లలు బాగుచేస్తుంటాను. డబ్బు కోసం కాదు, మా ఆవిడ ఇంట్లో ఉండనివ్వదు.

ముందు భోషాణం సంగతి తేల్చుకోండి. దాన్ని చూసుకోకుండా మిగతావాటితో కలిపి లారీ ఎక్కిస్తే పురుగుని కూడా కిరాయిచ్చి తీసుకెళ్ళినట్టే. చెదలైతే మట్టి గొట్టాలు కడుతుంది. మీరు చెప్పినట్టు గుండుసూది తలంత బెజ్జాలు, మైదా లాంటి మెత్తటి పొడి అయితే పుచ్చు పురుగు. అది బతికుందా, ఎప్పుడో తిని వెళ్ళిపోయిందా అన్నదే ప్రశ్న. పొడి అంతా తుడిచేసి, భోషాణం కింద నల్ల గుడ్డ పరిచి, పది రోజులు ఎవర్నీ ముట్టుకోవద్దనండి. కదిపితే పాత పొడి కూడా రాలి మనల్ని మోసం చేస్తుంది. గుడ్డ మీద తెల్లగా కొత్త పొడి కనిపిస్తే బతికున్నట్టు. కనిపించకపోతే సంతోషించండి గానీ ఎండలు ముదిరాక ఇంకోసారి చూడండి, చలికాలంలో దానికి జోరు తక్కువ.

ఇంకోటి. పుచ్చు పురుగు తినేది చేవ (చెట్టు నడిమి గట్టి కర్ర) లేని తెల్ల కర్రని. అందులో పిండి పదార్థం ఉంటుంది, దానికి అదే భోజనం. టేకు చేవ జోలికి రాదు. మా నాన్న బాగుచేసిన భోషాణాల్లో చాలావాటికి ఎదర పక్క, మూత టేకు, కంటికి కనపడని అడుగు చెక్కలు మాత్రం మామిడి. డబ్బులు మిగుల్చుకోవడం మన తాతలకీ తెలుసు. మీదీ అదే అయితే అడుగు తీసి తగలబెట్టి కొత్తది వేయిస్తే సరిపోతుంది. మిగిలినదానికి బోరాక్సు, బోరిక్ యాసిడ్ వేడినీళ్ళలో కలిపి లోపలివైపు రెండు మూడుసార్లు పట్టించండి. పాలిష్ ఉన్నవైపు రాస్తే లోపలికి ఇంకదు, జారిపోతుంది.

బర్మా టేకు గురించి. కోనసీమలో ఏ ఇంటికెళ్ళినా బర్మా టేకే అంటారు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అని పిలిచేవాళ్ళంటే చూడండి. 1942లో జపాన్ వాళ్ళు వచ్చేదాకా రాకపోకలు సాగాయి. కాబట్టి అక్కడి కలప రావడంలో వింతేమీ లేదు. కానీ ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపిన కలప కూడా తక్కువేం కాదు. పాలిష్ పట్టిన పలకని చూసి ఇది రంగూన్‌ది, ఇది భద్రాచలందీ అని చెప్పేవాణ్ణి నేను నమ్మను. మీకు కావల్సింది చేవ. అది ఉంటే ఏ ఊరి చెట్టయితేనేం.

పందిరి మంచం విప్పేటప్పుడు దగ్గర మీరుండాలి. కలప కొనేవాడి మనుషులకి గునపం ఒక్కటే తెలుసు. ముందురోజు బోల్టులకి నూనె వెయ్యండి. ఏ కుసి (బెజ్జంలో దూరే కర్ర కొస) ఏ బెజ్జంలోంచి వచ్చిందో రెండింటి మీదా ఒకే అంకె వెయ్యండి, లోపలివైపు, పెన్సిలుతో. మొదట స్తంభాల లోపలి ముఖం తడిమి చూడండి, ఉలితో కొట్టిన గాట్లు తగలొచ్చు. ఒకటి, రెండు, మూడు అని మా నాన్న అలాగే పెట్టేవాడు. చేసినవాడే అంకెలు వేసిపెడితే మీకు పెన్సిలుతో పనిలేదు.

హైదరాబాద్ చేరగానే పాలిష్‌వాణ్ణి పిలవకండి. కోనసీమ తేమలో ఇన్నేళ్ళున్న కర్ర అక్కడి పొడిగాలికి కొంచెం ముడుచుకుంటుంది, అతుకులు వదులవుతాయి, పలకల మధ్య సన్నగా సందులొస్తాయి. ఒక ఎండాకాలం గడవనివ్వండి. ఏసీ గదిలో అయితే ఇంకా తొందరగా ముడుచుకుంటుంది. భయపడి సందుల్లో లప్పం కూరించకండి, వానాకాలం మళ్ళీ ఉబ్బినప్పుడు పలక చీలుతుంది.

పాలిష్ విషయంలో నా మాట ఒక్కటి వినండి. మిషన్‌తో గీకించకండి. నానమ్మగారి చెయ్యి ఆని అరిగిందన్నారే, 80 నంబరు గరుకు కాగితం మిషన్‌కి తగిలించి పెడితే అది అరనిమిషంలో పోతుంది. తర్వాత మీ బల్లకీ బజారులో బల్లకీ తేడా ఉండదు. కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది రెండు నిమిషాలు ఆనించండి. జిగట జిగటగా అయితే అది లక్క పాలిష్. మురికి తుడిచి, దాని మీదే మళ్ళీ లక్క పాలిష్ పల్చగా పట్టిస్తే కలిసిపోతుంది. తలుపులకి ఆకుపచ్చ పెయింటో నీలం పెయింటో ఉంటే మాత్రం పొడిగా గీకనే గీకకండి. పాత పెయింట్లలో సీసం ఉండేది. 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకొచ్చిందే 2017 నవంబరులో. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ దుమ్ము విషమే.

విడి దూలాలు, వాసాలు కూడా తెచ్చుకోవాలని ఉంటే లారీ ఎక్కించే ముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి. మంచం మంచమే, దూలం మాత్రం దారిలో ఆపినవాళ్ళ కంటికి టేకు కలప. మేకులున్న దూలం కోతకి పట్టుకెళ్తే సామిల్లువాడు వెనక్కి పంపుతాడు, ఒక్క మేకు తగిలితే రంపం బ్లేడు పోతుంది.

పడక కుర్చీకి పేము మొత్తం విప్పి కొత్తది అల్లించాలి. వదులైతే మాత్రం అడుగువైపు వేడినీళ్ళతో తడిపి నీడన ఆరబెడితే బిగుసుకునేది. చిరిగినదానికి ఆ వైద్యం పనిచెయ్యదు. అత్తగారి మాట తీసిపారెయ్యకండి. కొత్త పేము పడ్డాక కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఆవిడనే చెప్పమనండి.

---

మణికొండ సివిల్

ఉయ్యాల గురించి మాత్రమే చెప్తాను మేడమ్, మిగతాది పెద్దాయన చెప్పారు.

బల్లే 40, 50 కేజీలు ఉంటుంది. ముగ్గురు కూర్చుని ఊగితే కొక్కేల మీద పడేది వాళ్ళ బరువొక్కటే కాదు, ఊపుకి ఇంకా పెరుగుతుంది. మీ బిల్డింగు ఎన్ని అంతస్తులో రాయలేదు. కొత్త టవర్లు చాలావాటిలో పోస్ట్ టెన్షన్ స్లాబులు వేస్తున్నారు. అందులో లాగి బిగించిన స్టీలు తీగలుంటాయి. తెలియక డ్రిల్ పెట్టి ఒక్క తీగ తెంపితే ప్రమాదం, స్లాబు బలమూ తగ్గుతుంది. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుని, ఇంజనీరు సరే అంటేనే, అదీ బీములో వేయించండి. "రోజూ కొడతాం మేడమ్, ఏం కాదు" అనే డ్రిల్లింగ్ అబ్బాయి మాట వద్దు. లేదంటే నేల మీద నిలిచే ఇనప ఫ్రేము చేయించుకోండి. ఊగకపోయినా పర్లేదనుకుంటే పొట్టి కాళ్ళు పెట్టి బల్లలా వాడుకోండి.

---

నిజం చెప్తా

మీకు ఇంట్లోంచే వస్తున్నాయి కాబట్టి అదృష్టవంతులు. నేను కొనుక్కున్నాను.

హైదరాబాద్‌లోనే ఒక షాపులో, పేరొద్దు, "80 ఏళ్ళనాటి జమీందారు గారి డ్రాయరు బల్ల" అని 38 వేలకి అంటగట్టారు. నల్లటి పాలిష్, ఇత్తడి పిడులు, చూస్తే కడుపు నిండిపోయింది. ఇంటికొచ్చాక సొరుగు బయటికి లాగి వెనక్కి తిప్పితే ప్లైవుడ్. స్క్రూలన్నీ ప్లస్ గుర్తువి. సొరుగు పక్కలు కూడా రంపం ఇప్పుడే దిగినట్టు పదునుగా ఉన్నాయి. నిజంగా 80 ఏళ్ళు లాగి తోసిన సొరుగైతే అడుగు అంచులు వంపు తిరిగి అరగాలి కదా. అది నాకు తట్టలేదు. ముందు నుంచి చూసి కొన్నాను, వెనక నుంచి చూసి ఏడ్చాను.

అప్పట్నుంచీ పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజారుకి గురువారాలు వెళ్ళి విడి సామానే కొంటున్నాను. గడియలు, కొక్కేలు, ఇత్తడి పిడులు. వాటిలో మోసం జరిగినా 200కి మించదు.

ఒక్కటి మాత్రం మంచి బేరం తగిలింది. ఇరానీ హోటళ్ళలో ఉండే వంపు కర్ర కుర్చీలు మూడు, 2,700కి. ఆ రకం కుర్చీ 1859లో వియన్నాకి చెందిన థోనెట్ కంపెనీ వాళ్ళు చేసింది. 6 కర్ర ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు, అంతే. విప్పితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవట. మన మాడ్యులర్ వాళ్ళు ఇప్పుడు చెప్పుకునే గొప్ప అదేగా. నావి అసలు థోనెట్‌వి కావని నాకూ తెలుసు, కానీ మా నాన్న బరువు 96 కేజీలు, ఇంతవరకూ కిర్రుమనలేదు.

---

డల్లాస్ నుంచి

ఇది చదివి నాకూ మా తెనాలి ఇంట్లో రోజ్‌వుడ్ బల్ల గుర్తొచ్చింది. ఇక్కడికి తెప్పించుకోవాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. చేసి 100 ఏళ్ళు దాటిన కళాత్మక వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కింద వస్తుంది, దేశం దాటించడానికి లేదు. అంత వయసు లేదంటే ఆ మాట పురావస్తు శాఖ వాళ్ళు కాగితం మీద ఇవ్వాలి. రోజ్‌వుడ్‌కి అది చాలదు, 2017 నుంచి ఆ జాతి మొత్తం సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే) ఒప్పందం కిందకి వచ్చింది, ఆ కాగితాలు వేరే. నేను విసిగిపోయి మానుకున్నాను. బల్ల మా అక్క ఇంట్లో ఉంది, ఆవిడ దాని మీద ఇడ్లీ కుక్కర్ పెడుతుంది.

---

అంబాజీపేట అమ్మాయి

అందరికీ థాంక్స్ అండి. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఇల్లు విప్పడం అయిపోయింది. దాని గురించి ఇప్పుడు రాయలేను.

భోషాణం కింద నల్ల గుడ్డ వేయించాను. నాలుగో రోజుకే బాబాయి ఫోటో పంపారు, గుడ్డ మీద ముగ్గుపిండి రాల్చినట్టు నాలుగు చోట్ల చిన్న చిన్న కుప్పలు. చిత్రిక గారు చెప్పినట్టే అడుగు చెక్కలు మామిడివి. గునపం పెట్టగానే అట్టలా విడిపోయాయి. మా నానమ్మ బర్మా టేకు భోషాణం అని పెళ్ళిళ్ళలో చెప్పుకునేది, పాపం. అడుగు అక్కడే కాల్చేసి, మిగతాదానికి మందు పట్టించి, అంబాజీపేటలోనే ఉంచాం. ఈ ఎండాకాలం చూసి తెచ్చుకుంటాను.

మంచం స్తంభాల లోపల గాట్లు ఉన్నాయండి! ఒకటి, రెండు, మూడు, నాలుగోదానికి నాలుగు గాట్ల బదులు ఇంటూ గుర్తు. నాన్న అరవయ్యేడేళ్ళుగా ఆ మంచం చూస్తున్నారు, ఆయనకీ తెలీదు. వేలితో తడుముతూ కాసేపు అలాగే నిలబడిపోయారు. స్తంభాలు లిఫ్టులో ఏటవాలుగా పట్టాయి. తలవైపు చెక్క పట్టలేదు, ముగ్గురు మెట్ల మీంచి మోశారు, రెండో అంతస్తు మలుపులో రెండో చిలక ముక్కు కూడా పోయింది. ఫ్యాను కింద స్తంభాల మీద అడుగున్నర ఖాళీ ఉంది. తట్టని సంగతి పరుపు. మేం కొన్నది 6 అడుగులకి 5, మంచం వెడల్పు 4 అడుగుల 3 అంగుళాలు. ఆ పరుపు రెండో గదిలో నేల మీద ఉంది. మంచానికి కొలిచి దూది పరుపు కుట్టించాం. మా ఆయన ఇద్దరికీ ఇరుకు అంటారు, నాకు సరిపోయింది. మాడ్యులర్ వాళ్ళకి వార్డ్‌రోబులు, వంటగది వరకే ఇచ్చాం.

ఉయ్యాలకి బిల్డర్ ఒప్పుకోలేదు. వాసాల ముక్కలతో పొట్టి కాళ్ళు పెట్టించి హాల్లో కిటికీ కింద వేశాను. అరిగిన చోటు కిటికీ వైపు రాకుండా ఇటు తిప్పి పెట్టాను, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తోంది. తలుపుల టేబుల్ ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. రెండు రెక్కలూ పక్కపక్కన వేసి పైన 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు. ద్వారబంధం మీది గజలక్ష్మి పలక మాత్రం విడిగా తీయించి దేవుడి గది గుమ్మం పైన పెట్టాం, అది అత్తయ్యగారి ఆలోచన.

పడక కుర్చీకి పేము అల్లడానికి 4,500 తీసుకున్నారు, మూడు రోజులు పట్టింది. ఎక్కడ వేయమంటారని అత్తయ్యగారినే అడిగాను. బాల్కనీలో, తలవైపు తూర్పు వచ్చేట్టు వేయమన్నారు. ఆవిడ కూర్చోరు. కానీ పొద్దున్నే వడియాల గుడ్డ ఆరేసేటప్పుడు పళ్ళెం దాని చేతి మీదే పెడుతున్నారు.

చిత్రిక గారూ, ఒక సందేహం. మంచం బిగించడం అంతా అయ్యాక ఒక బోల్టు మిగిలిపోయింది. జానెడు పొడుగుంది, ఒక చివర చదరపు తల. ఎక్కడిదో ఎవరికీ తెలీట్లేదు. మంచమైతే గట్టిగానే ఉంది.

---

చిత్రిక

తలవైపు అడ్డకర్రకి వెనక, చిలకల కింద, చెక్క బిళ్ళ ఒకటి మూత వేసి ఉంటుంది. గోటితో లేపి చూడండి. అది బిగించేదాకా ఇద్దరూ నేల మీది పరుపు మీదే పడుకోండి.